నిహంగుల గుడారం ముందు ఆడిన అబద్ధం

మొన్న మామయ్య పెద్దకర్మ నాడు, భోజనాలయ్యాక, మనవడి ఫోనులో నీలి దుస్తుల గుర్రపు రౌతులు కనిపించారు. తలపాగాల మీది ఉక్కు చక్రాలు చూసి పంజాబు నిహంగులని గుర్తుపట్టాను. గుర్తుపట్టానే గానీ, మామయ్య పోయిన రోజులాగే లోపల ఏమీ కదల్లేదు.

గూడూరు నిమ్మకాయల లోడుతో ఉత్తరాదికి లారీ తోలినవాళ్ళు మీలో ఉంటే అక్కడి చలి ఎలాంటిదో ఎరుగుదురు. మా అమ్మకు తమ్ముడైన మామయ్య పెద్ద డ్రైవరు, నేను రెండో డ్రైవరును. పంజాబులో ఆయనకు ఒళ్ళు కాలిపోయే జ్వరమొస్తే, ఏం చెయ్యాలో తోచక, తోవ పక్కన మకాం వేసిన నిహంగుల గుడారాల దగ్గర బండి ఆపేశాను. మొగలాయీలు తరిమితే అడవుల్లో గుర్రాల మీదే బతికిన సిక్కు గురువుగారి సైన్యం తమదని, అందుకే ఇప్పటికీ ఒక్కడు నడిచొచ్చినా లక్షా పాతికవేల ఫౌజు వచ్చిందంటామని వాళ్ళలో ముసలాయన తర్వాత చెప్పాడు. ఎవరొచ్చినా అన్నం పెడతారు, పొగాకు మాత్రం లోపలికి రాకూడదు. భంగు, అంటే గంజాయి ఆకు, నూరుకుని తాగుతారనుకోండి, అది వేరే సంగతి.

పొగాకుందా అని ముసలాయన అడిగితే, మామయ్య వణుకుతూనే చుట్టలన్నీ దూరంగా పారేశాడు. పెద్దలకు చాటుగా బీడీ కాల్చే వయసు నాది. మామయ్య పక్కనే ఉన్నాడు, కట్ట లుంగీ మడతలో ఉంది. లేదన్నాను. ముసలాయన నా జేబైనా తడమలేదు. మూడు రోజులు వాళ్ళు మామయ్యకు ఇనుప గిన్నెలో కషాయం కాచి పోశారు. నేను గుర్రాల వెనక్కి వెళ్ళి బీడీలు కాల్చుకున్నాను.

బతికి ఊరొచ్చాక మామయ్య మళ్ళీ చుట్ట ముట్టలేదు. మా అమ్మతో మాత్రం ఒక మాటన్నాడు.

“ఆ పెద్దాయన అడిగితే మనోడు లేదని ఉన్నమాటే చెప్పినాడు అక్కా. నా బిడ్డను వాడికే ఇస్తా.”

అలా నా పెళ్ళయింది. ఆ కథ ఆయన ప్రతి శుభకార్యంలోనూ చెప్పేవాడు. మంచాన పడ్డాక, నిజం చెప్పేద్దామని రెండుసార్లు మైపాడులో ఆయనింటికి వెళ్ళి, మందులు వేసుకున్నావా మామయ్యా అని అడిగి తిరిగొచ్చాను.

ఇప్పుడు లారీలు ఎక్కడ ఆగాలో కూడా ఫోనులే చెబుతున్నాయి. బండి ఆపి అడిగే మనిషి, చెప్పింది నమ్మే మనిషి ఏ తోవలో తగులుతారో నాకు తెలియదు. నిన్న, మామయ్య మంచం తీసేసిన గదిలో నా భార్య నేల మీద కూర్చుని, నాన్న చెప్పే నిహంగుల కథ ఒకసారి చెప్పమంది. ఆయన చెప్పినట్టే చెప్పాను.