అవనిగడ్డలో గది వెతికిన రోజు

గుడివాడలో ఆరున్నర పాసింజరు ఎక్కేసరికే నా మనసు కుదురుగా లేదు. నా బ్యూటీపార్లరులో రెండేళ్ళుగా పనిచేస్తున్న బినీతను అవనిగడ్డ కొత్త బ్రాంచికి పంపుతున్నాను. సోమవారం షాపు తెరవాలి, ఆ పిల్లకింకా గది దొరకలేదు. ఫోనులో సరేనన్న ఇద్దరు ఇంటివాళ్ళు ఫొటో చూశాక మాట మార్చారు. బినీతది అస్సాం.

ఎదురుసీటు పెద్దావిడ ఉండబట్టలేక అడిగింది. "ఈ అమ్మాయిది నేపాలా, చైనానా అండీ?"

"గుడివాడేనండి," అంది బినీత. నాకు నవ్వాగలేదు.

బందరులో దిగి, బస్టాండు దగ్గర ఇడ్లీ తిని, ఎనిమిదిన్నర బస్సు పట్టుకున్నాం. ఆడవాళ్ళకి ఉచితమే గానీ, అస్సాం ఆధార్ చెల్లదని బినీత టికెట్టు కొంది. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ కనిపించగానే వీడియో తీసుకుంది. నేను మాత్రం టైము చూసుకుంటూనే ఉన్నాను.

అవనిగడ్డలో మేం వెళ్ళిన వరసగదుల్లో అందరూ బతకడానికి వచ్చినవాళ్ళే. టైల్సు వేసే బెంగాలీలు, రొయ్యల చెరువుల మీద పనిచేసే ఒడియా కుటుంబాలు. ఇంటాయన ఒప్పుకున్నాడు. "పంపు అందరిదీ కదండీ, మిగతా అద్దెవాళ్ళనీ ఓ మాట అడగండి," అన్నాడు.

ఎండుచేపలు ఆరబెడుతున్న సుభద్ర అనే ఒడియా ఆవిడ తల అడ్డంగా ఊపింది. "వద్దమ్మా. వీళ్ళు కుక్కల్ని తింటారు. వెదురు చిగుళ్ళ కూర వండితే ఆ కంపు భరించలేం."

మూడేళ్ళ కిందట ఆవిడకీ ఈ ఊళ్ళో ఎవరూ ఇల్లివ్వలేదట. గురివింద గింజ తన నలుపెరగదని ఊరికే అన్నారా! నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఈ పిల్ల చైనా మనిషి కాదు, ఆఫ్రికా మనిషీ కాదు. మన ఇండియా అమ్మాయి!" అని అరిచి, బినీత బ్యాగులోంచి ఆధార్ తీసి అందరికీ చూపించాను. కార్డు చేతులు మారింది. సుభద్ర మెత్తబడి, "సరే, వెదురు మాత్రం వండకూడదు," అంది.

అడ్వాన్సు ఇవ్వబోతుంటే బినీత నా చెయ్యి పట్టుకుంది. "వద్దక్కా," అని గేటు దాటి వెళ్ళిపోయింది.

రెండింటి బస్సులో తిరుగు ప్రయాణం. అంత పోట్లాడి ఒప్పిస్తే కాదంటుందా అని మోపిదేవి దాటేదాకా ఉడికిపోయాను. గది ఎందుకు వద్దన్నావని చివరికి అడిగేశాను.

"నేను నిజంగా చైనాదాన్నో ఆఫ్రికాదాన్నో అయ్యుంటే, నా తరఫున అలా అరిచేవారా అక్కా?" అంది బినీత.

చల్లపల్లి దాటింది. సీట్లో అటూ ఇటూ కదిలాను, నీళ్ళు తాగాను. బందరు దగ్గరపడ్డాక నిజం చెప్పాను.

"అరిచేదాన్ని కాదు."

తలూపింది. "సోమవారం షాపు తెరుద్దామక్కా. రోజూ గుడివాడ నుంచే వెళ్ళొస్తాను," అంది.

రానూపోనూ ఐదు గంటల దారి.