కౌబాయ్ సినిమాలో పెళ్లిగుర్రం

ఆయన్ని మేం గుర్రం తాత అనేవాళ్లం. పటాన్‌చెరులో పెళ్లి బరాత్‌లకు గుర్రాన్ని కిరాయికి ఇచ్చేవాడు. ఫ్యాక్టరీ దోస్తులమంతా కలిసి కంది ఊరి దగ్గరి బీళ్లలో కౌబాయ్ సినిమా తీసినప్పుడు ఆ గుర్రాన్నే తెచ్చుకున్నాం. ప్రతి షాటుకు ముందు ఆయన దాని మెడ నిమిరి, "జెర ఓపిక పట్టు బిడ్డా, అయిపోతది" అని బతిమాలేవాడు. దొంగల వెంట ఉరికించాలని డప్పు కొడితే, అది ఉరకకుండా బరాత్‌లో లాగే చిందులేసింది. హీరో జీను మీంచి జారిపడ్డాడు. అట్లా మా సినిమా కామెడీ అయిపోయింది.

కాలనీ హాల్లో సినిమా వేసిన రోజు తాత కూడా వచ్చాడు. గుర్రం చిందులేయగానే హాలంతా పగలబడి నవ్వింది. ఆయన మాత్రం కండువా నోటికి అడ్డం పెట్టుకొని ఏడుస్తున్నాడు.

"ఏమైంది తాతా?" అని అడిగాను.

"పోయిన నెల గుర్రం కడుపునొప్పి లేసి సచ్చిపోయింది. ఎందరి పెళ్లి ఫోటోలల్ల ఉన్నదో, నా కాడ ఒక్కటి గూడ లేదు. ఇంకోసారి ఎయ్యుండ్రి, సూస్త."

మళ్లీ వేశాం. ఈసారి మాకెవరికీ నవ్వు రాలేదు. ఆయనే కళ్లు తుడుచుకొని, "సూడుండ్రి, ఎంత మంచిగ ఆడుతున్నదో" అంటూ నవ్వాడు.