మూడొందల ఫైళ్లకీ ఒకే పేరు

విజయనగరంలో వయొలిన్ మాస్టారైన మా నాన్నకి మతిమరుపు జబ్బు మొదలైంది. శిష్యుల పాత రికార్డింగులు కంప్యూటర్లో వినిపిస్తే, వాయించిందెవరో ఆయన చెప్పేవారు. ఒక్కో ఫైలుకీ ఆ పేరు టైప్ చేశాను.

చివర్లో అన్నిటికీ ఒకేసారి ఆల్బమ్ పేరు పెడదామని మొత్తం సెలెక్ట్ చేసి సేవ్ నొక్కాను. వాయించినవారి పేరు రాసే పై గడిలో, చివరి ఫైలు శిష్యురాలి పేరు ‘సత్యవతి’ అని ఉండిపోయింది, చూసుకోలేదు. ఆరు నెలల తర్వాత తెరిస్తే మూడొందల ఫైళ్లూ సత్యవతి పేరుతోనే ఉన్నాయి.

మొదటి ఫైలు నాన్నకి మళ్లీ వినిపించాను.

“ఇదెవరు నాన్నా?”

ఆయన కళ్లు మూసుకుని విన్నారు. “బాగా వాయిస్తన్నాది. ఈ పిల్ల ఎవులమ్మా?”

పదేళ్లప్పుడు నేను వాయించినదది. ఆరు నెలల కిందట వినగానే గుర్తుపట్టారు.

ఆ ఒక్క ఫైలుకి నా పేరు నేనే టైప్ చేసుకున్నాను. మిగతా పిల్లల పేర్లు చెప్పేవారు ఇక లేరు.