ఏడో నంబరు టెంకాయ

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు ఆకలి కన్నా అనుమానం ఎక్కువ. బస్సులో పక్కవాడు కునికితే, నా సంచి కోసమే నిద్ర నటిస్తున్నాడనుకునేవాణ్ణి. ఆత్మకూరు వదిలి ఎప్పుడూ ఒంటరిగా ఉండనివాణ్ణి, ఉదయగిరిలో టీచరుగా చేరి ఒక అవ్వ ఇంట్లో గది తీసుకున్నాను. పొద్దుటి టిఫిను కూడా ఆమే పెడతానంది. నన్ను దించడానికి వచ్చిన మా అమ్మ, పెరటి చెట్టు టెంకాయలు పన్నెండు గోతంలో తెచ్చి, అవ్వ వసారాలో ఓ మూల పెట్టి వెళ్లింది.

మూడో రోజుకు చూస్తే పది ఉన్నాయి. నేను ఒక్కటీ ముట్టలేదు (ముట్టినా కొట్టడం రాదు). అవ్వ మీద కన్నేశాను. ఎక్కడ చూసినా టెంకాయే! అంట్లు తోమేది టెంకాయ పీచుతో, నీళ్లు కాచేది చిప్పలతో, వాకిలి చిమ్మేది ఈనెల చీపురుతో, తలకు రాసేది కొబ్బరినూనె. పైగా ప్రభువు పాటలు పాడుకుంటూ మరీ కొబ్బరి కోరుతుంది. మిగిలిన పదింటి మీదా ఎర్రపెన్నుతో అంకెలు వేశాను. రెండు రోజులు తిరక్కముందే, ఆమె వంటగదిలో ఉప్పు పోసుకున్న చిప్ప మీద నా చేతిరాతతో ఏడు కనిపించింది. గోతాన్ని నా గదిలోకి లాగి, కొత్త తాళం కొని వేశాను.

మర్నాడు పొద్దున దోసెల పక్కన ఒట్టి కారప్పొడి వచ్చింది.

"చట్నీ ఏదవ్వా?"

"టెంకాయలు నీ తాళం లోపల ఉండాయి. నేనెట్టా చేసేది?"

అవ్వే మళ్లీ అంది: "మావోడికి కొట్టను రాదు, కోరను రాదు, నువ్వే తీసుకోని చేసిపెట్టవ్వా అని మీయమ్మ పోతా పోతా చెప్పినాది. నీకు చెప్పలా? ఇన్నాళ్లూ దోసెల్లో నంజుకునింది ఏందనుకున్నావు?"

(అమ్మ చెప్పే ఉంటుంది. నేను పేపరు చూసుకుంటూ "ఊఁ" అనే ఉంటాను.)

"మరి ఆ అంకెలు చూసి నువ్వేమనుకున్నావవ్వా?" అన్నాను, ఏదో ఒకటి అనాలి గనక.

"అయివారివి గదా, టెంకాయలకు గూడా రోల్ నంబర్లు ఇచ్చినావేమోలే అనుకున్నా" అని పడీపడీ నవ్వింది. అంతలోనే నవ్వు ఆగిపోయింది. "దొంగదాన్ననుకున్నావా అబ్బయా?"

అబద్ధం చెప్పబోయి మానుకున్నాను. తాళం తీసి, గోతాన్ని మళ్లీ వసారాలోకి లాగి, ఒక కాయ తెచ్చి ఆమె ముందు పెట్టాను. అవ్వ కొట్టి, ఒక చిప్ప నా చేతికిచ్చి కోరమంది. కొబ్బరితో పాటు నా వేలూ కోరుకుపోయింది. "నెత్తుటి చట్నీ మాకొద్దు, లెయ్యి" అని కసురుకుంటూనే పసుపు అద్ది గుడ్డపీలిక కట్టింది. ఆమె కసిరింది, అంటే ఇంట్లోంచి పొమ్మనదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

వేలికి ఆ కట్టుతోనే బడికి పోయాను. ఏమైంది సార్ అని పిల్లలడిగితే, పడ్డానని చెప్పాను. ఇప్పుడు తల సగం నెరిసింది. అప్పటి ఆ కుర్రవాడు గుర్తొచ్చినప్పుడల్లా ముందు చెవి మెలిపెట్టాలనిపిస్తుంది. తర్వాత, పాపం, వాడు ఇల్లు వదిలి వచ్చి అప్పటికి వారమే కదా అనిపించి, నాలో నేనే నవ్వుకుని వదిలేస్తాను.