సరిచూసినవారి గడి

మొన్న క్షౌరశాలలో పక్క కుర్చీ ఆయన జుట్టుకి రంగు కలుపుతుంటే అమ్మోనియా వాసన గుప్పున కొట్టింది. కళ్ళు మండాయి. ఆ మంటతోపాటే దోహాలో మా ఆఫీసు వెనక గది, అమ్మోనియాతో ప్రింట్లు తీసే యంత్రం, దాని పక్కన ముక్కుకి చేతిరుమాలు కట్టుకుని నిలబడ్డ సూర్యనారాయణగారు గుర్తొచ్చారు. ఆయన పోయి ఇన్నేళ్ళయినా ఆయన మీద నా విసుగు మాత్రం పోలేదు.

అవి చమురు డబ్బు పొంగుతున్న రోజులు. సముద్రం ఒడ్డున మేడ లేపుతామని ఎవరికి వారే వచ్చేవారు. మా కంపెనీ నక్షాలు గీసేది. తెరచాపలా ఒకటి, ముత్యపుచిప్పలా ఒకటి. ఒక్కటీ లేవలేదు. నేను జగిత్యాల దగ్గర పల్లె నుంచి కూలీగా వెళ్ళినవాణ్ణి. పదో తరగతి మొహం చూడలేదు. సైటులో పారేసిన చిరుగు ప్రింట్లు కూలీల క్యాంపుకి తెచ్చుకుని, చూసి చూసి గీత నేర్చుకున్నాను. అది కనిపెట్టి నన్ను ఆఫీసులోకి లాక్కొచ్చింది ఈ కాకినాడ సూర్యనారాయణగారే. మేం గీసినవన్నీ సరిచూడటం ఆయన పని. ప్రతి నక్షా కింది మూలన రెండు గడులుండేవి: గీసినవారు, సరిచూసినవారు. రెండో గడిలో ఆయన పొడి అక్షరాలు పడందే కాగితం ఆఫీసు దాటేది కాదు.

అప్పుడొచ్చింది మొగ్గ ఆకారపు మేడ. అంతా అద్దాలే. యజమాని ఒప్పుకున్నాడు, నేల కూడా చదును చేయించాడు. మొదటి గడిలో నా పేరు. చదువు లేనివాడు గీసిన మేడ దోహాలో లేస్తుంది, వేలు పెట్టి చూపించి ఇది నాది అనగలిగితే ఈ జన్మకి చాలనుకున్నాను. నజ్మా పేటలో నాతో ఒకే గదిలో ఉండే పోశెట్టి రోజూ ఏడిపించేవాడు: "మల్లేశన్నా, నీ మేడ యాడిదాకొచ్చింది? ఆఖరి అంతస్తుల నాకో మంచం జాగ ఆపుకో."

సూర్యనారాయణగారు మాత్రం ఆ నక్షా చూసి పెన్సిల్ కింద పెట్టారు.

"ఏమయ్యా మల్లేశం, దీని అద్దాలు ఎవడు తుడుస్తాడు?"

"గదంత తర్వాత జూస్తరు సార్."

"ఈ ఊళ్ళో వాన పడదు, దుమ్ము పడుతుంది. గాలి లేచిన మర్నాడల్లా తుడవాలి. నడుము దగ్గర గోడ ఉబ్బింది. పైనుంచి మనిషిని ఉయ్యాలలో దింపితే కింద సగం అద్దాలకి చెయ్యి అందదు. తుడిచేవాడు తాడుకి వేలాడుతూ ఊగాలా?"

"మనకెందుకు సార్. గీసుడే మన పని."

"క్యాంపులోంచి వచ్చిన నువ్వే అలా అంటే ఎలాగయ్యా?"

గోడ చుట్టూ మనిషి నిలబడే చిన్న అరుగు ఇమ్మన్నారాయన. అందమైన మొగ్గకి మొలతాడు కడతారా అని ఇంగ్లీషు డిజైనరు నవ్వాడు. బొంబాయి మేనేజరు బతిమాలాడు, తర్వాత అరిచాడు. ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది. చివరికి ఆయన వీసా రద్దు చేశారు. పెట్టె సర్దుకుంటుంటే వెళ్ళి అడిగాను.

"రెండచ్చరాలు సార్. రాస్తే అయిపోతుండె గదా?"

"అయిపోయేది. రేపెవడో కింద పడితే, అప్పుడూ ఆ అక్షరాలు అక్కడే ఉంటాయి కదయ్యా."

ఇంకా లేవని మేడ. ఇంకా ఎక్కని మనిషి. వాడి కోసం తిండి పెట్టే ఉద్యోగం వదులుకునేవాణ్ణి ఏమనాలి?

మర్నాడు మేనేజరు అవే నక్షాలు నా ముందు పరిచాడు. "మల్లేశ్, ఇక చెకర్‌వి నువ్వే. సంతకం పెట్టు, యల్లా, త్వరగా." పెన్ను తీశాను. రెండక్షరాలు గీకితే నా మేడ లేస్తుంది. రాయడానికే వంగాను. తీరా నోరు తెరిస్తే, "సాబ్, అద్దాలు ఎవరు తుడుస్తారు?" అని వచ్చింది. ఆ క్షణంలో మేనేజరు మీద కన్నా సూర్యనారాయణగారి మీదే నాకు ఒళ్ళు మండింది.

సంతకం పెట్టలేదని నన్ను ఇండస్ట్రియల్ ఏరియా గోడౌనుకి తోలేశారు. ఇంకెవరో సంతకం పెట్టారు. ఈలోగా చమురు ధర పడిపోయింది, యజమాని చేతులెత్తేశాడు. చదును చేసిన నేలలో కార్లు నిలిపేవారు. మేడా లేదు, తాడుకి వేలాడే మనిషీ లేడు. ఆ లేని మనిషి కోసం మేమిద్దరం ఉన్నది పోగొట్టుకున్నాం.

ఇప్పుడు టీవీలో కొత్త మేడలు చూపిస్తే మా ఇంట్లో అందరూ ఎత్తు చూసి నోరు వెళ్ళబెడతారు. నాకు మాత్రం మనిషి కాలు ఎక్కడ ఆనదో అదొక్కటే కనిపిస్తుంది. ఒక్క మేడనైనా హాయిగా చూసే యోగం లేకుండా చేసి పోయాడు మహానుభావుడు.