గట్టిమేళం లేని పెళ్లి

మా అవ్వ కుప్పమ్మ ఊఁ అంటే తప్ప దేశంలో ఏ గూడబాతూ గుడ్డు పెట్టేది కాదు. ఆమె రమ్మనే దాకా మబ్బులు కార్వేటినగరం దగ్గరే ఆగి ఉండేవి. మబ్బుల మాట నేను కాస్త పెంచి చెప్పాను. గుడ్ల మాట మాత్రం ఆమె కూడా నమ్మేది.

వానలు పడి చెరువు నిండగానే అందులోని తుమ్మచెట్ల మీద గూడబాతులు, నత్తగుల్లకొంగలు దిగేవి. ఆ రోజు నుంచి కుప్పమ్మ పొద్దున్నే సంగటి ముద్ద చేతపట్టుకుని కట్ట మీద కూర్చునేది. ఏది పుల్ల తెచ్చింది, ఏది పక్కగూటి పుల్ల దొంగిలించింది, అన్నీ ఆమెకు కావాలి. దొంగను బాగా తిట్టేది, అదీ గుసగుసగా. ఆ పక్షులు పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలని, వాటిని బెదరగొట్టకూడదని ఊరి కట్టుబాటు. అవి గూళ్ల మీద ఉన్నన్నాళ్లూ ఊళ్లో డప్పు లేదు, టపాకాయ లేదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడు, కార్తీకంలో, ఆమె కూతురు నిర్మలమ్మకు పెళ్లి కుదిరింది. ముందు రోజే పెళ్లికొడుకు మేనమామ ఏకాంబరం శ్రీకాళహస్తి నుంచి డోలును, నాదస్వరాన్ని వెంటబెట్టుకుని దిగాడు.

"ఈడ డోలు వాయించగూడదప్పా," అంది కుప్పమ్మ.

"తాళి కట్టేటప్పుడు గట్టిమేళం లేకుంటే ఎట్లమ్మా? ఎవుడన్నా తుమ్మితే?"

"తుమ్మేవాడి ముక్కు నేను పట్టుకుంటా."

"మేళం లేని పెళ్లి మాకొద్దు. బండి కట్టమంటా."

తండ్రి లేని పిల్ల, పీటల దాకా వచ్చిన సంబంధం. అయినా కుప్పమ్మ మాట మార్చుకోలేదు. సాయంత్రం ఏకాంబరాన్ని బతిమాలి కట్ట మీదికి తీసుకుపోయింది. ఒక గూడబాతు తనకంటే పొడవైన పుల్లను ముక్కున కరుచుకుని వచ్చి, కొమ్మల్లో ఇరుక్కుని తలకిందులైంది. ఏకాంబరం నవ్వు ఆపుకోలేక నోటికి పైపంచె అడ్డం పెట్టుకున్నాడు.

"సూడప్పా, అది ఇల్లు కట్టుకుంటా ఉండాది. దాని పక్కది అప్పుడే గుడ్లు పెట్టేసింది. వాటి చెవికాడ డోలు కొట్టిస్తావా?"

ఏకాంబరం చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. "సరే. మీవాళ్లు ఎవురు నోరు తెరిచినా నా డోలు మోగుతాది. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటా."

మర్నాడు అయ్యవారు మంత్రాలు కూడా రహస్యం చెబుతున్నట్టే చదివాడు. మొగుడు పోయిన మనిషి కాబట్టి కుప్పమ్మ పందిరి చివర ఎడంగా నిలబడింది. అక్కడి నుంచి తుమ్మచెట్లు కనబడతాయి. పెళ్లికొడుకు తాళి ఎత్తాడు. అప్పుడే ఒక గద్ద గుడ్లున్న గూటి మీదికి దూకింది.

"ఓసి గద్దా! గుడ్డు ముట్టుకున్నావో సూడు!" అని కుప్పమ్మే గొంతెత్తి అరిచింది.

గద్ద పారిపోయింది. దానితో పాటు చెరువులో ఉన్న పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆ గోలలోనే మూడు ముళ్లూ పడ్డాయి.

డోలువాడు పుల్ల ఎత్తి ఏకాంబరం వైపు చూశాడు. కుప్పమ్మ రెండు చేతులూ జోడించింది. ఏకాంబరం తల ఎత్తి ఆకాశాన్నే చూస్తూ ఉండిపోయాడు. పక్షులు చెరువు చుట్టూ తిరిగి తిరిగి, చివరికి ఒక్కొక్కటే గూళ్ల మీద వాలాయి.

"పుల్ల దించు," అన్నాడు డోలువాడితో. "గట్టిమేళం అయిపోయిందిలే. ఆ అరుపులో ఎవుడు తుమ్మినా దేవుడికి కూడా వినబడదు."

ఆ నిర్మలమ్మ కొడుకును కాబట్టి, ఇదంతా రాసి మా అవ్వకు చదివి వినిపించాను. "కూతురి మెడలో తాళి పడేది కూడా చూడకుండా గద్దను చూస్తావా అవ్వా?" అన్నాను.

"తాళి కట్టేదానికి మీ నాయన ఉండాడు. గద్దను తోలేదానికి ఎవుడుండాడ్రా?"