ఆ పిల్ల తండ్రిని స్టేజీ దింపింది నేనే

షార్జాలో మా పై ఫ్లాట్‌లో సమోవా దీవుల కుటుంబం ఉండేది. 2006 ఉగాదికి ముందు మూడు వారాలు, సరిగ్గా నేను రాత్రి డ్యూటీ చేసి పడుకునే వేళకు, నెత్తి మీద దబదబలు. విసిగి పైకి వెళ్లాను. ఒళ్లంతా చెమటతో తండ్రి తలుపు తీసి, "అమ్మాయి డాన్స్ నేర్చుకుంటోంది" అని క్షమాపణ చెప్పాడు. లోపల పదిహేనేళ్ల పిల్ల, మోకాళ్లు కాస్త వంచి, చప్పుడు లేకుండా చేతులు తిప్పుతోంది. మరి దబదబలు ఎవరివని నేను అడగలేదు. ఇరవై ఏళ్లు పత్రికల్లో పనిచేసినవాణ్ణి!

నర్సుగా పనిచేసే తల్లి మిగతాది చెప్పింది. అది వేడుక చివర ఆ ఇంటి ఆడపిల్ల ఆడే నాట్యం. నాయనమ్మ ఒకప్పుడు తను ఆ నాట్యానికి పెట్టుకున్న తలపాగా పంపింది. నలుగురి ముందు మధ్యలో ఆపకుండా ఆడితే అది ఈ పిల్లది, లేకపోతే పెదనాన్న కూతురిది. సాక్ష్యానికి వీడియో పంపాలి. ఆడటానికి వేదికే లేదు.

మా తెలుగు సంఘం ఉగాదిలో పెట్టిద్దామన్నాను. చివర్లో పెట్టమంటే, నెల్లూరు కార్యదర్శి ఒప్పుకోలేదు.

"లాస్ట్ మన ఆడోళ్ల కోలాటం అన్నా. ఆ పిల్లకి ముందర నాలుగు నిమిషాలు. ఖలాస్."

మైకు నాకిచ్చారు. పిల్ల మొదలుపెట్టిన నిమిషానికి తండ్రి కేకలేస్తూ స్టేజీ ఎక్కి, దబ్బున ఆమె కాళ్ల దగ్గర పడి దొర్లాడు.

"తాగొచ్చినాడన్నా! షార్జాలో మందు నిషేధం, తెలిస్తే హాలూ ఖలాస్, మనమూ ఖలాస్. దించు!"

నేనూ ఇంకో ఇద్దరూ రెక్కలు పట్టి లాగాం. అంత మనిషీ నవ్వుతూ వచ్చాడు. మేమూ ఆటలో కలిశామనుకున్నాడట. అతని దగ్గర కొబ్బరి నూనె వాసన తప్ప ఇంకేమీ లేదు. కింద కుర్చీలో కూర్చోబెట్టాక గాని అతని నవ్వు పోలేదు.

తల్లి పరుగెత్తుకొచ్చింది. "ఎందుకు దించారు? పిల్ల హుందాగా కనబడాలంటే పక్కన ఇంటివాళ్లు కోతి వేషాలు వేయాలి. ఎవరూ లేకపోతే దానికి నా అన్నవాళ్లు లేనట్టే!"

కార్యదర్శి సైగకు పాట కూడా ఆగిపోయింది. పిల్ల మాత్రం ఆగలేదు. చేతులు తిరుగుతూనే ఉన్నాయి.

"రూల్ రూలే అన్నా. ఐటంకి పేరిచ్చినోళ్లే ఎక్కాల."

కోలలు పట్టుకుని పక్కన నిలబడ్డ జగిత్యాల పెద్దామె ఊరుకోలేదు. "గదేం రూలు తమ్మీ? పోరి ఒక్కతే అయింది. వాళ్ల నాయన్ని తోలుండ్రి. మా కోలాటం యాడికి పోతది?"

పాట మళ్లీ వేశారు. తండ్రి ఎక్కి మళ్లీ పడ్డాడు. హాలంతా ఘొల్లుమంది. తప్పు దిద్దుకుందామని నేను మైకులో, "దయచేసి నవ్వకండి" అన్నాను.

"నవ్వనివ్వండి!" అని అరిచింది తల్లి.

పిల్ల చివరిదాకా ఆడింది.

రెండు నెలలకు తల్లి మెట్ల మీద కనబడి, తలపాగా తమ దగ్గరే ఉంటుందని చెప్పింది. వీడియోలో అందరికంటే మైకు పట్టుకున్న ఆ సన్నటాయన, అంటే నేను, బాగా చేశాడని, తండ్రిని లాక్కెళ్లడం మహా తమాషాగా ఉందని నాయనమ్మ మెచ్చుకుందట.

"నేను చేసింది వేషం కాదని ఆవిడకు చెప్పండి" అన్నాను.

"చెప్పను" అంది.